నారింజ అంచు, ఊదా అంచు

సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రపు జీవుల్ని ఎలా చదివారు మేడం అని కొత్త పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. చదవడమేమిటి నా మొహం, సగం కాలం తికమకపడటంతోనే సరిపోయింది. ఈ ఉద్యోగమంటే అదేనని ముందే చెప్పేస్తే రావాలో వద్దో మీరే తేల్చుకుంటారు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కమిటీలో కూర్చున్నాను అనేవి ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పుకునేంత గొప్ప ఏమీ లేదు.

నేను చూసినవి సీ స్లగ్స్. తెలుగులో వాటికంటూ ఒక పేరు లేదు. గుల్ల వదిలేసుకున్న సముద్రపు నత్తలనుకోండి. మేం చూసినవి చాలావరకు వేలంత కూడా ఉండవు, రంగులు మాత్రం పట్టుచీరల కొట్లో పరిచినట్టుంటాయి. తార్నాకలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దగ్గర్నుంచి కూరగాయల బండి ఆవిడ దాకా నన్ను నత్తల మేడం అనేవాళ్ళు. వండుకుంటే ఎలా ఉంటాయని కూడా ఒకసారి అడిగిందావిడ. నాకు తెలియదన్నాను. ఇన్నేళ్ళు చదివి ఆమాత్రం తెలియదా అన్నట్టు చూసి బెండకాయలు తూచింది.

ఉడికిన అల్లం ముక్క

మొదట నేర్చుకోవాల్సింది రంగు సంగతి. భీమిలి రాళ్ళ సందుల్లో కళ్ళు చెదిరేలా మెరిసిన జీవి, స్పిరిట్‌లో వేసిన కొన్నాళ్ళకే ఉడికిన అల్లం ముక్కలా అయిపోతుంది. నారింజ లేదు, ఊదా లేదు, చుక్కల్లేవు. యూనివర్సిటీలో మా ల్యాబ్ అలమరలో ఉన్నవన్నీ ఒకే మురికి తెలుపు. అందుకే బతికుండగానే ఫోటో తీసి, రంగు రాసి, సీసా మీద చీటీ అంటించాలి. చీటీ ఊడిందా, ఇక అది బతికుండగా ఏ రంగులో ఉండేదో చెప్పగలిగేవాడు లేడు.

రంగు పోయినా పళ్ళు పోవు. దీని నోట్లో సన్నని రిబ్బను మీద వరసలు వరసలుగా పళ్ళుంటాయి. నోటి భాగం కోసి తీసి, కాస్టిక్ సోడాలో కండ కరిగించి, మిగిలిన రిబ్బన్ని కడిగి, గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపు కింద చూడాలి. ఫ్యాన్ వేసుకోకూడదు, రిబ్బను ఎగిరిపోతుంది. మే నెలలో చెమటలు కక్కుతూ, ఊపిరి బిగబట్టి ఆ పని చేయాలి. ఒక్క తుమ్ము చాలు, వారం కష్టం గంగలో కలుస్తుంది. నాది కలిసింది, ఒక్కసారి కాదు.

ఇంత చేశాక కూడా ఆ పళ్ళు సూటిగా ఏదీ చెప్పవు. ఒకదాని పంటికి పక్కన చిన్న మొన ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఆ మొన పుట్టుకతోనే లేదా, తిని తిని అరిగిపోయిందా? వయసా, తిండా, జాతా? మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి ఇది అడుగుతూ కూర్చోవడమే నా ఉద్యోగం.

కలిపేవాళ్ళు, విడగొట్టేవాళ్ళు

నాకు పని నేర్పింది మా హెడ్ కామేశ్వరరావుగారు. రాజమండ్రి మనిషి. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. ఒక చుక్క ఎక్కువుంటే కొత్త జాతి అనేవారాయన. నేను దానికి సరిగ్గా వ్యతిరేకం. రెండు జీవులు నా ముందు పెడితే నా కళ్ళు ముందు వాటి పోలికలే వెతుకుతాయి. నీకు అన్నీ ఒకేలా కనపడతాయి తల్లీ, కళ్ళద్దాలు మార్చుకో అని అందరి ముందూ అనేవారు. ఆయన కనిపెట్టిన కొత్త జాతుల్లో సగం పాత జాతుల పిల్లలేనని నేను లోపల అనుకునేదాన్ని. పైకి అనే ధైర్యం అప్పట్లో లేదు.

ఈ రంగంలో కొందరు కలిపేవాళ్ళు, కొందరు విడగొట్టేవాళ్ళు. ఇది చదువుతో వచ్చేది కాదు, స్వభావం. ఎవరూ ఒప్పుకోరు గానీ, నిర్ణయం ముందు మనసులో అయిపోతుంది, పళ్ళు తర్వాత చూస్తాం.

తెలంగాణ ఉద్యమం రోజులొచ్చేసరికి ఇది ఇంకా విచిత్రంగా తయారైంది. టీ తాగేటప్పుడు ఆయన రాష్ట్రం ఒక్కటిగానే ఉండాలని బల్ల గుద్ది చెప్పేవారు. గ్లాసు కడిగి ల్యాబ్‌లోకి రాగానే మళ్ళీ జీవుల్ని విడగొట్టేవారు. మరి నా సంగతి? మా నాన్న రైల్వేలో పని చేయడానికి కాకినాడ నుంచి లాలాగూడ వచ్చారు. నేను అక్కడే పెరిగాను. కాకినాడ వెళితే మా పెద్దమ్మ పిల్లలు నీ భాషేమిటే అలా ఉంది అని నవ్వేవాళ్ళు. ఇక్కడ బస్సులో నోరు తెరిస్తే పక్క సీటావిడ, ఆంధ్రోళ్ళా అనేది. రాష్ట్రం రావాలా వద్దా అని ఎవరైనా అడిగితే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అనిపించేది. ఎటూ తేల్చుకోలేనివాళ్ళకు ఆ రోజుల్లో ఏ శిబిరంలోనూ చోటు లేదు.

మల్లేశం

జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చాడు మల్లేశం. వాళ్ళది వ్యవసాయం, బోరు ఎండిపోతే కూలికి వెళ్ళే వ్యవసాయం. నా దగ్గర పీహెచ్‌డీకి చేరేదాకా సముద్రం చూడలేదు. మొదటిసారి భీమిలి తీసుకెళ్తే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అలలొచ్చి పోవడం చూశాడు. తర్వాత వంగి రాయి తిప్పాడు. ఆ రోజు నుంచి అతని కన్ను నా కన్నుకంటే ముందుండేది. నేను దాటిపోయిన రాయి కింద అతనికి మూడు దొరికేవి.

అతనికి దొరికినవాటిలో తెల్లటి ఒళ్ళు, మీద ఎర్రచుక్కలు ఉన్నవి కొన్ని. కొన్నిటి ఒంటి చుట్టూ నారింజ అంచు, కొన్నిటికి ఊదా అంచు. చీర ఒకటే, అంచు మారిందంతే. పుస్తకాలన్నిటిలో నారింజ అంచుదే బొమ్మ. దానికి ఎప్పుడో ఒక విదేశీయుడు పెట్టిన పేరుంది. ఊదా అంచుది వేరే జాతి అని, ఇప్పటిదాకా ఎవరూ పేరు పెట్టలేదని మల్లేశం వాదన. అతని థీసిస్‌కు అదే ఆయువుపట్టు. అది నిలబడితే డాక్టరేటు వస్తుంది, లెక్చరర్ ఇంటర్వ్యూకి వెళ్ళే అర్హత వస్తుంది. లేకపోతే ఫెలోషిప్ అయిపోయి, చేతిలో ఏమీ లేకుండా ఊరికి పోవాలి.

పేరు కూడా ముందే అనుకున్నాడు. తెలంగాణ పేరు పెడతానన్నాడు. కామేశ్వరరావుగారు పగలబడి నవ్వారు. సముద్రపు చుక్క లేని ప్రాంతం పేరు సముద్రపు జీవికా అన్నారు. మల్లేశం ముఖం మాడిపోయింది. తర్వాత నాతో నెమ్మదిగా అన్నాడు.

"రాష్ట్రం ఎప్పుడొస్తదో తెల్వది మేడం. ఏదో ఒకదానికి ఆ పేరు ఉండనీయిండ్రి."

 ముందు పళ్ళు చూద్దాం అన్నాను.

నేను ఒకటే అన్నాను

అతను తయారు చేసిన పలకలు చూశాను. నారింజవాటిలో కొన్నిటికి మొన ఉంది, కొన్నిటికి లేదు. ఊదావాటిలోనూ అంతే. మొన అరుగుదల వల్ల పోయి ఉంటుందనుకుని, రెండూ ఒకటే మల్లేశం, అంచు మారిందంతే అని చెప్పాను. కామేశ్వరరావుగారు అవే పలకలు చూసి, కళ్ళు కనపడటం లేదా, స్పష్టంగా రెండు అన్నారు. ఒకే మైక్రోస్కోపు, అవే పలకలు. నాకు ఒకటి కనపడింది, ఆయనకు రెండు కనపడ్డాయి.

మామూలు రోజులైతే ఇది ల్యాబ్ గొడవ. అవి మామూలు రోజులు కావు. క్యాంపస్‌లో దీక్షా శిబిరం నడుస్తోంది. తార్నాక చౌరస్తాలో పోలీసు వ్యాన్లు. నేను నడిచొస్తుంటే ఏదో ఒక పూట టియర్ గ్యాస్‌కి కళ్ళు మండేవి, తడి కర్చీఫ్ పెట్టుకుని ల్యాబ్ దాకా వచ్చేదాన్ని. మల్లేశం పొద్దున శిబిరంలో, మధ్యాహ్నం ల్యాబ్‌లో. అక్కడ స్నేహితులు అతన్ని ఏమని ఉంటారో ఊహించడం కష్టమేమీ కాదు. ఆంధ్రా మేడం ఒకటే అనకపోతే ఇంకేమంటది అని ఉంటారు.

నన్ను తినేసింది ఆ మాట కాదు. అది నిజమేమో అన్న అనుమానం. నేను ఎప్పుడూ కలిపేదాన్నే, ఉద్యమానికి ముందు నుంచీ. అయినా ఈసారి ఒకటే అన్నది నా కళ్ళా, నా కాకినాడా? పోనీ రెండు అని చెప్పేద్దామంటే, అది పళ్ళు చూసి చెప్పినట్టా, శిబిరం చూసి భయపడి చెప్పినట్టా? అన్నం సహించేది కాదు. మా ఆయన, పురుగుల కోసం ఇంత బెంగేమిటి అనేవారు. పురుగులు కావు అని ఆయన మీద అరిచేదాన్ని.

మూసిన చీటీలు

ఒక బంద్ రోజు మల్లేశం ఇంకా కోయని జీవులున్న సీసాలన్నీ ట్రేలో పెట్టుకుని నా గదికి వచ్చాడు. ప్రతి సీసా చీటీ మీద నల్ల కాగితం అంటించి ఉంది. వరస కలిపేశాడు. లోపల అన్నీ అవే అల్లం ముక్కలు. ఏది నారింజో, ఏది ఊదాయో దేవుడు కూడా చెప్పలేడు.

"మేడం, గిప్పుడు చూడుండ్రి. రంగు తెల్వకుండ చూసి, ఒక కుప్పనా రెండు కుప్పలా చెప్పుండ్రి. మీరు అబద్ధం చెప్తరని కాదు. నాకే పరేషాన్ అయితున్నది."

ఒళ్ళు మండిపోయింది నాకు. పళ్ళు ఎలా తీయాలో నేను చెయ్యి పట్టి నేర్పిన పిల్లాడు నా కళ్ళకు గంతలు కడుతున్నాడు. ట్రే అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. బంద్ కాబట్టి రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. తార్నాక దాకా తిట్టుకుంటూ నడిచాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే కోపం కొంచెం తగ్గి, మరి అతను చెప్పినదాంట్లో తప్పేముంది అని మొదలైంది. తప్పు వెతికాను. దొరకలేదు. మర్నాడు వెళ్ళి కూర్చున్నాను.

కామేశ్వరరావుగారిని కూడా చూడమన్నాడు మల్లేశం. ఇంతకాలం చూసిన కన్నుకు పరీక్షలేమిటని ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆయన నాకు పని నేర్పిన మనిషి, ఆ రుణం తీరేది కాదు. అయినా చెబుతున్నాను: తన కన్నును పరీక్షకు పెట్టనివాడి దగ్గర చెయ్యి పని నేర్చుకోండి, తీర్పు నేర్చుకోకండి.

అన్నీ కొత్తగా కోసి, కరిగించి, పరిచి, ఒక్కొక్కటే చూశాను. కిటికీ అవతల నినాదాలు, డప్పులు. మధ్యలో గ్యాస్ వాసన వస్తే కిటికీ మూసేసేదాన్ని, ఫ్యాన్ ఎలాగూ లేదు. కళ్ళలో నీళ్ళు కారి మైక్రోస్కోపు అద్దాలు తడిసేవి. ఏది ఏ రంగుదో తెలియకుండా చూడటం మొదట్లో చీకట్లో మెట్లు దిగినట్టుంది. తర్వాత విచిత్రంగా తేలికైంది. రంగు లేదు, ప్రాంతం లేదు, మొన ఉందా లేదా అంతే. రిబ్బను వెనక కొసన, ఇంకా వాడకంలోకి రాని, అసలు అరగడానికి వీలు లేని లేత పళ్ళు ఉంటాయి. ఈసారి అవి చూశాను. మొన ఉన్నవాటికి అక్కడా ఉంది. లేనివాటికి అక్కడా లేదు. అరుగుదల కాదు.

రెండు కుప్పలయ్యాయి. చక్కగా, అనుమానం లేకుండా రెండు. నాదే తప్పన్నమాట. సిగ్గేసింది, మల్లేశం గెలిచాడని సంతోషం కూడా వేసింది, రెండూ ఒకేసారి. అతన్ని పిలిచి కాగితాలు తీయమన్నాను.

మొదటి కుప్పలో నారింజ, ఊదా, ఊదా, నారింజ. రెండో కుప్పలో ఊదా, నారింజ, నారింజ, ఊదా. ఇద్దరం మళ్ళీ చూశాం. రెండు కుప్పల్లోనూ రెండు రంగులూ కలగాపులగంగా ఉన్నాయి.

"ఇదేంది మేడం?"

"నాకేం తెలుసు," అన్నాను.

రాళ్ళ దగ్గర

నేను ఎక్కడో పొరపాటు పడ్డానేమోనని మల్లేశం తనే ఆ పలకలన్నీ మళ్ళీ చూశాడు, ఈసారి నేను చీటీలు మూసి ఇచ్చాను. అవే కుప్పలు. రెండు జాతులున్నాయి, నిజమే. కానీ అతను గీసిన చోట గీత లేదు, అసలు గీతే లేదన్న నా మాటా తప్పే. గీత ఇంకెక్కడో ఉంది, పైకి కనపడని చోట.

రైళ్ళు నడిచిన ఒక వారం చూసుకుని భీమిలి వెళ్ళాం. ఈ జీవులు పాకినచోట జిగురు గీత వదులుతాయి, జతకోసం తమ జాతిదాని గీత వెంటే పోతాయి. తెల్లటి ట్రేలో సముద్రపు నీళ్ళు పోసి వదిలాం. ఒక నారింజ అంచుది ఇంకో నారింజ అంచుదాని గీతను దాటి, పట్టించుకోకుండా, ఊదా అంచుదాని వెంట పడింది. రెండూ జతకట్టాయి. తర్వాత పళ్ళు చూస్తే ఆ రెండూ ఒకే కుప్పవి. వీటికి కళ్ళున్నది పేరుకే, వెలుగూ చీకటీ తెలుస్తాయంతే. మేం ఇంతగా కొట్టుకున్న ఆ అంచు వాటికసలు కనపడనే కనపడదు.

దీన్ని రాష్ట్రం గొడవకు ముడిపెట్టి ఉపన్యాసం దంచమని తర్వాత చాలామంది అడిగారు, రెండు వైపులవాళ్ళూ. నా నత్తల్ని వదిలేయండి బాబూ అన్నాను. మనుషులు వాళ్ళకేం కావాలో నోరు తెరిచి చెప్పగలరు, వాళ్ళ పళ్ళు లెక్కపెట్టాల్సిన అవసరం లేదు. అంచు రంగు ఎందుకు మారుతుందో, ఒకే రాయి కింద రెండు జాతులూ ఒకే వేషం ఎందుకు వేసుకున్నాయో ఈ రోజుకీ నాకు తెలియదు.

పేరు

థీసిస్ మొత్తం తిరగరాశాడు మల్లేశం. గడువు పెంచమని నేను కాళ్ళరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగాను. ఇక మిగిలింది పేరు. రెండు జాతులున్నప్పుడు ఒకటి పాత పేరుది, రెండోది కొత్తది. తెలంగాణ పేరు పెట్టు, ఇప్పుడు ఎవరూ నవ్వరు అన్నాను. నిజానికి నాకే పెట్టాలని ఉంది. అతని మీద ప్రేమతోనా, నా మీద మచ్చ పోగొట్టుకోవడానికా, అదీ తేల్చుకోలేకపోయాను.

అతను ఒప్పుకోలేదు. పాత పేరు పెట్టిన ఆ విదేశీయుడు స్పిరిట్‌లో వెలిసిపోయిన జీవిని చూసి రాశాడు, పుస్తకాల్లో నారింజ అంచు బొమ్మ తర్వాతివాళ్ళు వేసింది. పళ్ళు చూడలేదు. ఆ జీవి ఉన్న మ్యూజియానికి రాస్తే, అది ఎండి పాడైపోయిందని జవాబొచ్చింది. ఈ రెంటిలో ఏది పాతదో, ఏది కొత్తదో చెప్పే దారి లేదు. ఏదో ఒకటి ఎంచుకోవచ్చు, మా రంగంలో అందుకు పద్ధతి ఉంది, చాలామంది ఎంచుకుంటారు.

"నాకు ఏది కొత్తదో తెల్వది మేడం. తెల్వకుండ ఆ పేరు పెట్ట."

థీసిస్‌లో మొదటి రకం, రెండో రకం అని మాత్రమే రాశాడు. వైవాలో బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి, ఇన్నేళ్ళు చేసి పేరు కూడా తేల్చలేదా అని ఎగతాళి చేశాడు. తేలలేదు సర్ అన్నాడు మల్లేశం, తల దించకుండా. డిగ్రీ ఇచ్చారు. నా సర్వీసంతటిలో నేను సంతకం పెట్టిన థీసిస్‌లలో నాకు గర్వంగా ఉన్నది అదొక్కటే.

అందరూ వెళ్ళిపోయాక ల్యాబ్‌లో సీసాలు సర్దుతున్నాం. శిబిరం నుంచి మైకు వినపడుతోంది. నావైపు చూడకుండానే అడిగాడు.

"చీటీలు మూసి ఇచ్చిననాడు మీకు కోపమొచ్చింది గద మేడం?"

"వచ్చింది. చాలా వచ్చింది."

"నాకు గూడ వచ్చింది. మా మేడంను గట్ల అడగాల్సి వచ్చినందుకు."

 అతను సీసాలు అందించాడు, నేను అలమరలో పెట్టాను.